విలీన ఘర్షణలు: గిట్ పద్ధతిపై ఒక విమర్శ

బ్రాంచీలను సృష్టించడం, తిరిగి కలపడం గత భాగంలో నేర్చుకున్నారు. కలపడం మధ్యలో ఆగిపోయినప్పుడు గిట్ మీకు ఏమి చూపుతుందో, ఏమి చూపకుండా వదిలేస్తుందో ఈ భాగంలో పరిశీలిద్దాం. బ్రాంచిని ‘పాయ’ అంటే బాగుంటుందని కోనసీమ విద్యార్థికి తోచవచ్చు. కాని ధవళేశ్వరం దిగువన విడిపోయిన గౌతమి, వశిష్ఠ మళ్లీ కలుసుకోవు, దేని దారిన అది సముద్రం చేరుతుంది. మన బ్రాంచీలు మాత్రం తిరిగి ఒకటి కావాలి. చిక్కంతా అక్కడే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంబాజీపేట మార్కెట్‌కు వెళ్లే కొబ్బరికాయల లెక్క కోసం ఇద్దరు కలిసి ఒక ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి. ఒకరిది రాజోలు, ఒకరిది కొత్తపేట. అందులో మొదట ఉన్న వరుస ఇది: మొత్తం = రేటు × కాయలు. మార్కెట్‌లో రేటు వెయ్యి కాయలకు చెబుతారు కాబట్టి రాజోలు విద్యార్థి దాన్ని ఇలా మార్చాడు: మొత్తం = రేటు × కాయలు ÷ 1000. పాడైన కాయలకు డబ్బు రాదు కాబట్టి కొత్తపేట విద్యార్థిని ఇలా మార్చింది: మొత్తం = రేటు × (కాయలు − పాడైనవి).

రెండింటినీ కలపమంటే గిట్ ఆగిపోతుంది. బాణం గుర్తుల మధ్య ఈ రెండు వరుసలనూ పెట్టి, ఏది కావాలో తేల్చుకోమంటుంది. ఆ రెండింటినే చూస్తూ ఆలోచించండి. పాడైనవాటి తీసివేతను కొత్తపేటలో చేర్చారా, లేక అది ముందే ఉంటే రాజోలులో తొలగించారా? తెరమీద ఉన్నదాన్ని బట్టి చెప్పలేరు. తొందరలో ఉన్నవారు తమ వరుసను ఉంచుకుని ఎదుటివారిది కొట్టేస్తారు. లెక్క తప్పుతుంది.

ఇక్కడే నా అభ్యంతరం. గిట్ విలీనం చేసేది మూడు రూపాలను పోల్చి: ఈ వైపు, ఆ వైపు, రెండూ విడిపోయే ముందున్న ఉమ్మడి రూపం. అంటే ఆ పాత వరుస గిట్‌కు తెలుసు. అయినా మామూలు అమరికలో దాన్ని మీకు చూపదు. డిఫ్3 అనే అమరిక ఎంచుకుంటే మూడూ కనిపిస్తాయి. అప్పుడు రెండు మార్పులూ కావలసినవేనని, సరైన వరుస రేటు × (కాయలు − పాడైనవి) ÷ 1000 అని క్షణంలో తెలుస్తుంది. 2022 జనవరిలో వచ్చిన 2.35 వెర్షన్ జెడ్‌డిఫ్3 అనే మరింత పొందికైన అమరికను కూడా ఇచ్చింది. కాని కొత్తవారికి అత్యవసరమైన సమాచారాన్ని అమరికలు మార్చడం తెలిసిన పాతవారికి మాత్రమే చూపడం మంచి రూపకల్పన అనిపించుకోదు.

మరచిపోవడం రెండో లోపం. ఒకసారి తీర్చిన ఘర్షణ మళ్లీ ఎదురైతే పాత పరిష్కారాన్నే వాడే రెరెరె అనే సౌకర్యం గిట్‌లో ఉంది. మీరుగా కోరితే తప్ప అది సాధారణంగా పనిచేయదు. పనిచేసినా ఆ జ్ఞాపకం మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది, పుష్ చేసినప్పుడు వెళ్లదు. రాజోలులో తీరిన తగువును కొత్తపేటలో మళ్లీ మొదటినుంచి తీర్చుకోవాలి. జుజుట్సు అనే కొత్త వ్యవస్థ దారి వేరు. ఘర్షణను కమిట్‌లోనే నమోదు చేస్తుంది, తర్వాత తీరిగ్గా పరిష్కరించుకోవచ్చు, ఆ పరిష్కారం దానిపై ఆధారపడిన కమిట్లకు తానే చేరుతుంది. నాకు ఇది మెరుగైన ఆలోచనగానే తోస్తుంది. అయితే వాయిదా వేయడం సులువైనప్పుడు వాయిదాలే పెరిగే ప్రమాదమూ ఉంది.

గిట్ ఆగని సందర్భం వీటన్నిటికంటే ప్రమాదకరం. కొత్తపేట విద్యార్థిని పాత పద్ధతిలోనే, 1000తో భాగించకుండా, వేరే ఫైలులో నెలవారీ నివేదిక రాసిందనుకోండి. రెండు మార్పులూ ఒకే చోట లేవు కాబట్టి గిట్ మారుమాట లేకుండా కలిపేస్తుంది. నివేదికలో మొత్తం వెయ్యి రెట్లవుతుంది. గిట్ చూసేది వరుసలను, వాటి అర్థాన్ని కాదు. ‘ఘర్షణ లేదు’ అన్న మాటను ‘తప్పు లేదు’ అని చదువుకోకండి. కలిపిన ప్రతిసారీ పరీక్షలు నడపండి.

తెలుగు వచనం దాచుకునేవారికి ఇంకో ఇబ్బంది ఉంది. ఒక పేరా అంతా ఒకే వరుసగా ఉంటే, మొదటి వాక్యంలో ఒకరు, చివరి వాక్యంలో మరొకరు చేసిన మార్పులు కూడా ఢీకొంటాయి. వాక్యానికొక వరుస రాస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. కంటికి అందని ఘర్షణలు మరీ విసిగిస్తాయి. ‘వైనతేయ’ అన్న మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం కింద మరో గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెరమీద రెండూ ఒకటే, గిట్‌కు మాత్రం వేర్వేరు. పొల్లుతో ముగిసే మాట చివర జీరో విడ్త్ నాన్ జాయినర్ చేరినా అంతే. అక్షరాలా ఒకేలా ఉన్న రెండు వరుసలను చూపి ఏది కావాలని అడుగుతుంటే మీ కళ్లను అనుమానించకండి. కమిట్ చేసే ముందే రెండు వైపులా పాఠాన్ని ఒకే యూనికోడ్ ప్రమాణ రూపానికి మార్చండి. ఐత్వం గొడవ దానితో తీరుతుంది. నాన్ జాయినర్‌ను ఆ మార్పు తొలగించదు, దాన్ని విడిగా వెతికి తీసేయాలి.