సైకిల్ అద్దె

పోయిన శనివారం రాత్రి మూడో అంతస్తు కుర్రాడు ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి మా ఇంటికొచ్చాడు. వాడి జట్టు మూడో గోల్ తినగానే సోఫాలోంచి లేస్తూ తీర్పు చెప్పేశాడు: "కావాలనే ఆడట్లేదు అంకుల్. మేనేజర్‌ని సాగనంపడానికే ఇదంతా."

టీవీలో కామెంటేటర్లదీ అదే పాట. డ్రెస్సింగ్ రూమ్ ఆయన చెయ్యి దాటిపోయిందట, ఆటగాళ్ళకు ఆయనంటే పడట్లేదట. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ మాట తప్పని కాదు. ఎన్నో ఏళ్ళుగా ఈ కాలమ్‌లో నేను మొత్తుకుంటున్నదే అది. మన మాటే ఇంకొకరి నోట వింటే ఎంత పేలవంగా ఉంటుందో ఆ రాత్రి తెలిసింది.

పాత పాఠకులకు నా సిద్ధాంతం కంఠతా వచ్చు. జీతం ఆటగాణ్ణి మైదానం దాకా తెస్తుంది, తొంభై నిమిషాలు పరిగెత్తించేది మేనేజర్ మీద ప్రేమ. సాక్ష్యానికి ప్రతిసారీ మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు కాంటోనానే పిలుస్తాను. 1995 జనవరిలో ప్రేక్షకుణ్ణి ఎగిరి తన్ని ఎనిమిది నెలల నిషేధం తెచ్చుకున్నాడు. మాంచెస్టర్ వదిలి పోతానంటే మేనేజర్ ఫెర్గూసన్ పారిస్ దాకా వెళ్ళి బతిమాలి వెనక్కి తెచ్చుకున్నాడు. 1996లో ఆ జట్టు లీగూ గెలిచింది, ఎఫ్‌ఏ కప్పూ గెలిచింది. కప్ ఫైనల్‌లో పడిన ఒకే ఒక్క గోల్ కాంటోనాది.

ఇక్కడితో ఆపేయడం నాకు అలవాటు. ఆ ఫెర్గూసనే 2003 ఫిబ్రవరిలో ఓడిన కోపంలో బూటును తంతే అది ఎగిరి తన ఆటగాడు బెక్‌హామ్ కనుబొమ్మకు తగిలింది. ఆ జట్టే మరో మూడు నెలలకు లీగ్ గెలిచింది. ఈ సంగతి నేనెప్పుడూ రాయలేదు, నా సిద్ధాంతానికి అడ్డమని.

రహీం సాబ్ దగ్గరికి రాకుండా ఈయన ఉండలేడని మీరు నవ్వుకుంటున్నారని తెలుసు. నిజమే, ఉండలేను. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని ఈ ఊరు ఒకప్పుడు దేశానికి ఫుట్‌బాల్ నేర్పింది. నేర్పినాయన సయ్యద్ అబ్దుల్ రహీం, మన హైదరాబాదు బడిపంతులు. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టు వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ ఎగరేసుకొచ్చిందీ, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచిందీ ఆయన చేతిలోనే.

1962 సెప్టెంబర్, జకార్తా, ఏషియాడ్ ఫైనల్. దక్షిణ కొరియా మీద ఆట. తొలి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించింది వాళ్ళే. ఇజ్రాయెల్, తైవాన్‌లను పోటీలకు రానివ్వకపోవడాన్ని మన క్రీడాధికారి సోంధీ తప్పుపట్టాడని స్టేడియం స్టేడియమంతా భారత్ పేరు చెబితే గోల పెడుతోంది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు. ఫైనల్ ముందు రాత్రి రహీం సాబ్ కుర్రాళ్ళను కూర్చోబెట్టి, నాకు రేపు ఒక కానుక కావాలి, బంగారు పతకం ఇవ్వండి అని అడిగాడని చెబుతారు. ఫార్వర్డ్ పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1. తొమ్మిది నెలలకు రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

రహీం సాబ్ మీద తీసిన 'మైదాన్' సినిమా చూసి కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఇదే ప్రేమ అని ఇక్కడే రాశాను. ఆ రాత్రి మళ్ళీ తలచుకుంటుంటే కానుక కంటే ముందు వేరే సంగతులు గుర్తొచ్చాయి. జర్నైల్‌ను కుట్లు పడ్డ తలతో డిఫెన్స్‌లో నిలబెట్టలేదాయన. సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. సెమీఫైనల్లోనూ అతను గోల్ కొట్టాడు. ఇక్కడ హైదరాబాదులో బలహీనమైన కాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు నడిపాడు. చేతగాని కాలితో నెలల తరబడి సాధన చేయించినవాడికి ఆట రోజున ఉపన్యాసం అక్కర్లేదు.

ఇంకా ముందు, సికింద్రాబాద్ అవతల అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి కుర్రాడున్నాడు. ప్రాక్టీసుకు హైదరాబాద్ రమ్మంటే, అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడు. రహీం సాబ్ పట్టుదల గురించి క్లాసు పీకలేదు. సైకిల్ అద్దె ఇచ్చాడు. ఆ కుర్రాడు జకార్తా దాకా వెళ్ళాడు. బలరాంకు రహీం సాబంటే ప్రాణమే కావచ్చు. కానీ ముందు వచ్చింది సైకిల్.

ఇదంతా ఆ రాత్రి కుర్రాడికి చెప్తే, "మరి లెస్టర్ సంగతేంటి అంకుల్?" అన్నాడు.

లెస్టర్. 2016లో ఎవరూ ఊహించని విధంగా ఇంగ్లిష్ లీగ్ గెలిచిన జట్టు. గోల్ ఇవ్వకుండా ఆడితే పిజ్జా తినిపిస్తానన్న పెద్దాయన రానియేరీ మేనేజరు. పది నెలలు తిరక్కుండానే 2017 ఫిబ్రవరి 23న ఆయన్ని తీసేశారు. ఆ ఏడాది మొదలయ్యాక అప్పటిదాకా లీగ్‌లో జట్టు ఒక్క గోల్ కొట్టలేదు. నాలుగు రోజులకు అదే జట్టు లివర్‌పూల్‌ను 3-1తో మట్టికరిపించింది. ఆ వారం నేను ఈ కాలమ్‌లో కత్తి నూరాను. ఆటగాళ్ళను ద్రోహులన్నాను.

అప్పుడు నేను చూడని సంగతులున్నాయి. మధ్యలో ఇద్దరి పరుగు పెట్టే కాంటేను ముందు వేసవిలోనే చెల్సీకి అమ్మేశారు. ఆ లోటు పూడ్చడానికి రానియేరీ జట్టునూ వ్యూహాన్నీ మారుస్తూ పోయాడు. ఆయన వెళ్ళాక పగ్గాలు పట్టిన షేక్‌స్పియర్ బయటివాడు కాదు, ఆయన సహాయకుడే. వచ్చి చేసిందల్లా పాత ఆటను పాత మనుషులతో మళ్ళీ ఆడించడం. లీగ్‌లో వరసగా ఐదు గెలిచారు. వాళ్ళకు రానియేరీ మీద ప్రేమ చచ్చిపోయి కాళ్ళు ఆగలేదు. ఎటు పరిగెత్తాలో తెలియక ఆగాయి.

తొమ్మిది నెలల ముందే కప్పు అందించిన పెద్దాయన్ని అలా పంపడం అన్యాయమే, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. అది యజమానుల పని. ఆటగాళ్ళను మాత్రం ద్రోహులన్నది నా తప్పు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.