మిగిలిన సొమ్ము ఎవరిది?

హైదరాబాద్ అశోక్ నగర్ మెస్సుల్లో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లలు ఒకరినొకరు అడిగే బిట్లలో పేదల వైద్యానికి పెట్టిన ఆరోగ్యశ్రీ పథకం ఉండి తీరుతుంది. ఎప్పుడు మొదలైంది? 2007 ఏప్రిల్ 1. మొదటి మూడు జిల్లాలు? అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. కుటుంబానికి ఎంత? లక్షన్నర, చాలకపోతే మరో 50 వేలు. టకటకా చెప్పేస్తారు. ఆ బిట్లకి ఎక్కని షరతు ఒకటుంది. పథకం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం దాంట్లోనే ఉంది.

గుండె ఆపరేషన్లకీ క్యాన్సర్‌కీ సాయం చేయమంటూ ముఖ్యమంత్రి సహాయ నిధికి వచ్చిపడుతున్న అర్జీల్లోంచి పుట్టిన పథకం ఇది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి స్వయంగా డాక్టరు. అయితే మొదట్లో ప్రభుత్వం దీన్ని నేరుగా నడపలేదు. ప్రీమియం సర్కారు కట్టింది, బీమా స్టార్ హెల్త్ అనే ప్రైవేటు కంపెనీ ఇచ్చింది, పైన పర్యవేక్షణకి ఆరోగ్యశ్రీ హెల్త్ కేర్ ట్రస్టు. పేదల వైద్యానికని తీసిపెట్టిన డబ్బు లాభాల కోసం పెట్టిన కంపెనీ చేతికి వెళ్తోంది. రోగులు తక్కువ వచ్చిన ఏడాది మిగిలింది ఎవరికి పోవాలి?

ఒప్పందం రాసినవాళ్ళు ఆ ప్రశ్న ముందే వేసుకున్నారు. ప్రీమియంలో 20 శాతం కంపెనీ నిర్వహణ ఖర్చులకి. మిగతా 80లోంచి చెల్లించిన క్లెయిములూ, ఇంకా చెల్లించాల్సినవీ పోగా మిగిలినదాంట్లో 90 శాతం వెనక్కి ఇచ్చేయాలి. కాగితం మీద లెక్క వేసి చూడండి. ప్రీమియం 100 రూపాయలనుకుందాం. చికిత్సలకి 60 అయింది. కంపెనీ ఖర్చుకి 20 పోతే 20 మిగిలింది. అందులో 18 వెనక్కి, కంపెనీకి 2. ఇప్పుడు ఇదే షరతుని రోగి వైపు నుంచి చూడండి. పది రూపాయల ఆపరేషన్‌ని కుదరదని తోసేస్తే కంపెనీకి అదనంగా దక్కేది ఒక్క రూపాయి. కాదనడంలో పెద్దగా లాభం లేకుండా చేశారు! నీతులు చెప్పలేదు, బెదిరించలేదు, ఒక్క అంకెతో పని కానిచ్చారు. ఆ 20 మాత్రం నాకు కొంచెం ఎక్కువే అనిపిస్తుంది. అయినా ఈ షరతు రాసిన చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇంత శ్రద్ధా ప్యాకేజీ కట్టిన తీరులోనూ కనిపిస్తుంది. ఆపరేషన్‌కి కట్టిన ధరలోనే పరీక్షలు, మందులు, రోగికి భోజనం, ఇంటికి వెళ్ళాక పది రోజుల మందులు, చివరికి తిరుగు ప్రయాణం ఛార్జీ కూడా కలిపేశారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీ మనిషికి ఆపరేషన్ ఉచితంగా అయినా, డిశ్చార్జి రోజున జేబులో బస్సు డబ్బులు లేకపోతే అప్పు చేయాల్సిందే. ఆ సంగతి ఎరిగినవాళ్ళే ఇలా రాయగలరు. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే ఆరోగ్యమిత్ర అనే సహాయకుడి బల్ల. తెల్ల రేషన్ కార్డు చూసి, కాగితాలు సర్ది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, అనుమతికి ఆన్‌లైన్‌లో పంపేదాకా ఆ మనిషిదే పూచీ.

2008 జులై 17న మొదలైన ఆరోగ్యశ్రీ-2ని ట్రస్టు తానే నడిపింది. కొన్నేళ్ళకి మొదటి భాగం కూడా దాని చేతికే వచ్చింది. కంపెనీ తప్పుకున్నా బల్ల అదే, ప్యాకేజీ అదే, అనుమతి పద్ధతి అదే. నడిపే చేయి మారినా యంత్రం ఆగకపోవడం చిన్న విషయం కాదు.

అమెరికాలో ఈ బండి ఎదురు దిశలో వెళ్ళింది. 1929లో డాలస్ నగరపు టీచర్లు నెలకి అర డాలరు కట్టి, ఏడాదికి 21 రోజుల ఆస్పత్రి వైద్యం పొందే ఏర్పాటు చేసుకున్నారు. లాభాపేక్ష లేని బ్లూ క్రాస్ ఆరోగ్య బీమా సంస్థలు ఆ దారిలోనే పెరిగాయి. 1994లో వాటి జాతీయ సంఘం లాభాల కంపెనీలుగా మారడానికి తలుపు తీసింది. దశాబ్దాల పాటు ప్రజల నమ్మకంతో పోగైన ఆస్తి వాటాదారులదా, ప్రజలదా అన్న తగవు అప్పుడు ముదిరింది. కాలిఫోర్నియా బ్లూ క్రాస్ అంతకుముందే, 1993లో, వెల్‌పాయింట్ అనే కంపెనీ పెట్టి వ్యాపారంలో చాలా భాగం అందులోకి మార్చేసింది. అధికారులూ ప్రజా సంఘాలూ పట్టుబట్టాక 1996లో 300 కోట్ల డాలర్లకు పైగా ఆస్తి రెండు ఆరోగ్య ఫౌండేషన్లకి దక్కింది. మేరీలాండ్‌లో కేర్‌ఫస్ట్ మారతానంటే 2003లో బీమా కమిషనర్ స్టీవెన్ లార్సెన్ ఒప్పుకోలేదు. అక్కడ తగవు పడి తేల్చుకున్నదాన్ని ఇక్కడ ముందే ఒప్పందంలో రాసిపెట్టుకున్నారు.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ బీమా కంపెనీల మాట వచ్చింది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం హైబ్రిడ్ పద్ధతికి ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల దాకా కంపెనీలు చూసుకుంటాయి, అక్కడి నుంచి 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు (ఆరోగ్యశ్రీ ట్రస్టుకి అక్కడి ఇప్పటి పేరు). ఆ ఒప్పందం చేతికొస్తే నేను ముందు తిప్పేది ప్రీమియం పేజీ కాదు. మిగులు సంగతి ఎక్కడ రాశారో, 20, 80, 90 ఉన్నచోట ఈసారి ఏ అంకెలు వేశారో వెతుకుతాను.