నకాషిమా కొయ్యపని

పెండ్లినాడు కొత్తకోట వీధిలో మంచము, బీరువా, అద్దపుబల్ల బండి దిగుచుండగా చూచువారు మొదట వాని వెల నడుగుదురు. అవి కూర్చుండుటకు, పరుండుటకు తగినవేనా యని యడుగువారు అరుదు. ఆ సామానుకై ఆడపిల్ల తండ్రి చేసిన అప్పు కొయ్యకంటె ఎక్కువకాలము మన్నుట మన మెరిగినదే. కావున జార్జి నకాషిమా పనిని గూర్చి నాలుగుమాటలు వ్రాయదలచితిమి.

ఈయన 1905లో అమెరికాలో జపానీయ దంపతులకు జన్మించెను. వాస్తుశాస్త్రము చదివి, నాడు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన పుదుచ్చేరికి వచ్చి, 1937 మొదలు 1939 వరకు అరవిందాశ్రమపు వసతిగృహ నిర్మాణమును చూచెను. హైదరాబాదు సంస్థానమునుండి సర్ అక్బర్ హైదరీ ద్వారా వచ్చిన విరాళమే ఆ గృహమునకు మూలము; అందుచేతనే దానికి మన గోలకొండ పేరు. కిటికీలకు మారుగా తెరచి మూయదగిన అడ్డపలకలచే గాలి యాడును, ఎండ చొరదు. ఆ గదులకై ఈయన కల్పించిన టేకుసామానులో లతలు లేవు, సింహపుకాళ్లు లేవు. అక్కరకు మించిన దేదియు లేదు.

1942లో అమెరికా ప్రభుత్వము జపాను సంతతివాడను కారణమున ఈయనను సకుటుంబముగా మినిడోకా శిబిరమున నిర్బంధించెను. అచ్చట గెంటారో హికోగావా యను వడ్రంగియొద్ద పని నేర్చెను. పట్టభద్రుడు వడ్రంగికి శిష్యుడగుట! మన చదువుకొన్న బిడ్డ బాడిసె పట్టినచో మనము తల వంచుకొందుము. 1943లో విడుదలయై పెన్సిల్వేనియాలో స్థిరపడి, 1990లో మరణించువరకు కొయ్యనే నమ్ముకొనెను. పలకలోని పగులును దాచక, సీతాకోకచిలుక ఆకారపు బిళ్లతో బిగించెడివాడు. చెట్టు పెరిగిన అంచును అట్లే యుంచెడివాడు.

దోషమును కూడ చెప్పవలయును. 1973లో రాక్‌ఫెల్లరు గృహమునకు ఇన్నూరుకు పైగా వస్తువులు చేసెను. నిరాడంబరత సంపన్నుల ఆడంబరమైనది. చేతిపనికి వెల హెచ్చుట న్యాయమే. కాని ఆశ్రమపు గదిలోని మంచి, ధనికుల మందిరములోనే నిలిచిపోరాదు.

మన వేపకొయ్య చాలును, మన వడ్రంగి చాలును. అంగటి మెరుగుకు అడిగినంత యిచ్చి, వాకిట పనిచేయువాని కూలికి బేరమాడు మనసు మారవలయును. బిడ్డతో పంపు మంచము అప్పు లేని మంచమైన చాలును. అసలు పంపకున్నను పెండ్లి చెడదు.