పాకం పట్టిన పంపర పనస

వినాయక చవితికి పాలవెల్లికి కట్టిన పంపర పనసను మర్నాడు ఒలిచి, తొనలు తిని, తొక్క పారేస్తాం. భీమునిపట్నంలో ఒక పెద్దావిడ మాత్రం తొనలు పిల్లలకు పంచి తొక్క తన దగ్గర ఉంచుకుంటుంది. ఆవిడ కాయ ఎంచుకునే పద్ధతే వేరు. తినడానికైతే చేతికి బరువుగా తగిలేది కావాలి. పాకానికైతే సైజుకు తగ్గ బరువు లేని కాయే మేలు, ఎందుకంటే అందులో తొక్క మందం.

ఆ తొక్కలో రెండు పొరలుంటాయి. పైది పలచన, పచ్చన. నిండా నూనె తిత్తులు, గోరు తగిలితే ఘాటు చిమ్ముతుంది. దాని కింద వేలెడు మందాన తెల్లటి బెండు. కాయ నిలువునా ఆరు గాట్లు, తొన తగలనంత లోతు వరకే పెట్టి, బొటనవేలు దూర్చి లాగితే తొక్క బద్దలుగా ఊడివస్తుంది. పచ్చ పొరను పూర్తిగా తీసేస్తే వాసన పోతుంది, అంతా ఉంచితే నాలుక చురుక్కుమంటుంది. అందుకని ఆవిడ పీలర్‌తో పైపైన ఒక్కసారి గీకి, బద్దల్ని వేలంత ముక్కలుగా కోస్తుంది.

ఇక చేదు. నారింజిన్ అనే పదార్థం వల్ల వచ్చే ఈ చేదు నీళ్ళలో కరుగుతుంది, వేడినీళ్ళలో ఇంకా బాగా. ఒక రాత్రి ఉప్పునీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే పిండి, కొత్త నీళ్ళలో ఉడికించి వారుస్తారు. మళ్ళీ నీళ్ళు పోసి ఉడికిస్తారు. చేదు సరిపడా దిగేదాకా ఇదే వరస. బొత్తిగా చేదు లేకుండా చేస్తే అది పంపర పనసే కాదని ఆవిడ వాదన, నాకూ అదే నచ్చుతుంది. ఉడకడంలో ఇంకో పని కూడా జరుగుతుంది. బెండులోని కణాల గోడలు మెత్తబడి పాకానికి దారి ఇస్తాయి. కొబ్బరి ఈనె గుచ్చితే సులువుగా దిగాలి. దిగకముందే పంచదార తగిలిందా, ఆ ముక్క మరి మెత్తబడదు.

రెండు అరచేతుల మధ్య చిరగకుండా నీరు నొక్కాక అసలు పని మొదలవుతుంది. మొదటిరోజు పాకం చాలా పలచన, పంచదార ఒక పాలు, నీళ్ళు రెండు పాళ్ళు. ముక్కల్ని అందులో ఒక పొంగు రానిచ్చి మూతపెట్టి వదిలేస్తారు. మర్నాడు ముక్కలు తీసి, పాకంలో మరికొంత పంచదార వేసి మరగబెట్టి, మళ్ళీ వాటి మీదే పోస్తారు. వారం రోజులు ఇదే పని. తొందరపడి మొదటిరోజే చిక్కటి పాకంలో వేస్తే, చక్కెర లోపలికి చేరేకన్నా వేగంగా ముక్కలోని నీరు బయటికి లాగేసుకుంటుంది. ముక్క ముడుచుకుపోయి తోలులా సాగుతుంది. రోజుకింత పెంచుకుంటూ పోతే వెళ్ళే నీటి చోటులో చక్కెర కుదురుకుంటుంది, ముక్క ఆకారం చెదరదు. ఆగ్రా పేఠా చేసేవాళ్ళు బూడిదగుమ్మడి ముక్కల్ని ముందు సున్నపు తేటలో గట్టిపరుస్తారు. ఇక్కడ ఆ అవసరం రాదు.

నాలుగోరోజు ప్రాంతంలో సుగంధ ద్రవ్యాల మూట దిగుతుంది. దాల్చినచెక్క, రెండు లవంగాలు, అల్లం ముక్క, కొన్ని పాడేరు మిరియాలు, అన్నీ పలచటి గుడ్డలో కట్టి. పొడి వేస్తే పాకం మసకబారుతుంది. ఏలకులు మాత్రం చివరిరోజే, మరిగేకొద్దీ వాటి వాసన ఎగిరిపోతుంది కదా. ఇదే ఊళ్ళో 17వ శతాబ్దంలో స్థావరం పెట్టి, 1825లో ఇంగ్లీషువాళ్ళకు అప్పగించి వెళ్ళిన డచ్చివాళ్ళు లవంగం, దాల్చినచెక్క వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న జాతి. మాదీఫలం తొక్కకు ఇలాగే పాకం పట్టి క్రిస్మస్ రొట్టెలో వేసుకోవడం వాళ్ళ దేశంలో నేటికీ ఉంది.

ఆఖరిరోజు అరచెక్క నిమ్మరసం పిండుతారు. ఆ పులుపు పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొడుతుంది, దాంతో పాకం పలుకు కట్టదు. సన్నసెగ మీద తీగ పాకం వచ్చేదాకా ఉంచాలి. థర్మామీటర్ పెడితే 105 డిగ్రీల దగ్గర ఉంటుంది, అప్పటికి పాకంలో ఎక్కువ పాలు చక్కెరే. బూజుకు అందే నీరు ఇక పెద్దగా మిగలదు.

ఈ దశలో ఒక ముక్కను కిటికీ దగ్గర పట్టుకుని చూడాలి. సున్నంలా తెల్లగా ఉన్న బెండు తేనెరంగు తిరిగి, అవతలి వెలుగు కనిపిస్తుంది. బెండు తెల్లగా కనిపించడానికి కారణం లోపలి గాలి గదులే. గాలికీ కణాల గోడలకీ మధ్య కాంతి చెదిరిపోయేది. ఇప్పుడు ప్రతి గదిలోనూ పాకం నిండింది కనుక కాంతి చెదరకుండా దాటుతోంది. ఎక్కడైనా తెల్లమచ్చ మిగిలితే పాకం అక్కడికి చేరలేదని అర్థం. ఆవిడ అలాంటి ముక్కను మళ్ళీ గిన్నెలో వేస్తుంది.

ఆరబెట్టడమే భీమునిపట్నంలో చిక్కు. సముద్రపు గాలిలోని చెమ్మను చక్కెర పీల్చుకుంటుంది. అందుకే డాబా మీద కాకుండా గదిలో, జల్లెడ మీద పరిచి ఫ్యాను కింద రెండు రోజులు, తర్వాత పంచదారలో పొర్లించి బిగుతు మూత సీసాలోకి. అనకాపల్లి బెల్లం దగ్గర్లోనే దొరుకుతుంది కానీ దానితో చేస్తే చేతికి అంటుకోవడం మానదు, రంగూ నల్లబడుతుంది. మిగిలిన పాకాన్ని మాత్రం పారబోయరు. చెంచాడు చన్నీళ్ళలో కలిపితే షర్బత్, దోసె మీద పోసుకుంటే ఇంకా బాగుంటుంది.