నఫఖా, మనోవర్తి: ఒక అనువాద సమస్య

ఫిఖ్హ్ గ్రంథాలలోని ‘నఫఖా’ అనే పదాన్ని తెలుగులో కొందరు ‘మనోవర్తి’ అనీ, కొందరు ‘భరణం’ అనీ అనువదిస్తున్నారు. ఈ మాటలు వినగానే మన మనసులో మెదిలేది, విడిపోయిన భార్యకు భర్త చెల్లించే సొమ్ము. ఆమె మళ్ళీ వివాహమాడితే అది ఆగిపోతుందన్న సంగతీ అందరికీ తెలిసినదే. చిక్కు ఇక్కడే ఉన్నది. బిడ్డ పోషణకూ అదే మాట వాడడం వల్ల, తల్లి మరో నికాహ్ చేసుకుంటే బిడ్డకు రావలసినదీ ఆగిపోతుందనీ, ఆ భారం ఇక కొత్త భర్తదేననీ భావించేవారు ఉన్నారు. ఇది ధర్మశాస్త్రం కాదు. మాటల కలగాపులగం పెంచిన అపార్థం.

ఈ అస్పష్టతకు పూర్వచరిత్ర ఉన్నది. మర్గీనానీ (మరణం 1197) రచించిన ‘అల్ హిదాయా’కు చార్లెస్ హామిల్టన్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1791లో వెలువడింది. ఆయన ముందు పెట్టుకున్నది అరబీ మూలం కాదు, దాని పారసీ అనువాదం. బ్రిటిషు కాలపు న్యాయస్థానాలకు అదే ఆధారగ్రంథమయింది. హామిల్టన్ నఫఖా అన్న మాటను తన ఉచ్చారణలో ఉంచి, పక్కన ‘మెయింటెనెన్స్’ అని చేర్చాడు. తర్వాతి పాఠ్యగ్రంథాలలో ఆ ఇంగ్లీషు మాటే స్థిరపడింది.

అయితే నిందనంతా హామిల్టన్‌పై మోపడం న్యాయం కాదు. అరబీలోనూ భార్యకూ, సంతానానికీ, తల్లిదండ్రులకూ వాడేది ఒకటే పదం. కాని మూలగ్రంథం ప్రతి నఫఖాకూ దాని ‘సబబ్’ను, అనగా కారణాన్ని, విడిగా చెబుతుంది. భార్య నఫఖాకు కారణం ‘ఇహ్తిబాస్’, అంటే ఆమె వివాహబంధం వల్ల భర్తకు కట్టుబడి ఉండడం. ఇద్దత్ ముగిస్తే ఆ కారణం తొలగిపోతుంది. బిడ్డ నఫఖాకు కారణం వేరు: బిడ్డ తండ్రిలో ఒక భాగం. సొంత ఆస్తి లేని పసిబిడ్డపై తండ్రి చేసే ఖర్చు తనపై తాను చేసుకునే ఖర్చు వంటిదే. తండ్రీబిడ్డల మతం వేరైనా ఈ బాధ్యత తొలగదని హనఫీ పండితులు స్పష్టం చేశారు. మతభేదమే తెంచలేని దానిని తల్లి నికాహ్ ఎలా తెంచుతుంది?

ఈ రెంటికీ నడుమ మూడవది ఒకటున్నది. తలాఖ్ పొందిన తల్లి బిడ్డకు పాలిస్తే ఆమెకు ప్రతిఫలం ఇవ్వాలని ‘అత్తలాఖ్’ సూరా 6వ ఆయత్ ఆదేశిస్తున్నది. పెంపకానికి, అనగా ‘హజానత్’కు కూడా ప్రతిఫలం ఉన్నదని ఫుఖహా నిర్ణయించారు. తల్లి, బిడ్డకు మహ్రమ్ కాని పురుషుని వివాహమాడితే హనఫీ మతం ప్రకారం పెంపకపు హక్కు అమ్మమ్మకు మారుతుంది. దీనికి ఆధారం అబూ దావూద్ సంకలనంలోని హదీసు. హక్కుతోపాటు తల్లికి వచ్చే ప్రతిఫలమూ నిలిచిపోతుంది. ఇక్కడ మారినది బిడ్డ ఎవరి ఒడిలో పెరగాలన్నది మాత్రమే. ఆ బిడ్డ అన్నానికి ఎవరు బాధ్యులన్నది మారలేదు.

‘అల్ బఖరా’ 233వ ఆయత్ అనువాదాలనూ ఈ దృష్టితో చూడవలసి ఉంది. అక్కడ ‘వాలిద్’ అన్న మాట లేదు. ‘అల్ మౌలూదు లహూ’ అని ఉన్నది. అంటే బిడ్డ ఎవరి కోసం పుట్టాడో అతడు. దీనిని ‘తండ్రి’ అని మాత్రమే అనువదించడం తప్పు కాదు గాని, బాధ్యతకు కారణం ఆ మాటలోనే ఉన్నదన్న సూచన జారిపోతుంది.

ఇక మారుతండ్రి మాట. ఉమ్మె సలమా (రజి) పూర్వభర్త సంతానంతో దైవప్రవక్త (స) ఇంట అడుగుపెట్టారు. ఆ బాలుడు ఉమర్‌కు భోజన మర్యాదలు నేర్పినది ప్రవక్తే. మారుతండ్రి వాత్సల్యానికి ఇంతకు మించిన ఆదర్శం లేదు. కాని అది ఇహ్‌సాన్, అనగా ఔదార్యం. కన్నతండ్రి జీవించి ఉండగా, పెట్టే చేతిని చూపి పెట్టవలసిన చేయి వెనక్కు పోరాదు.

తండ్రి పునర్వివాహమూ ఇంతే. కొత్త భార్య జీతం ఆమె సొంతం. సవతి బిడ్డల పోషణ ఆమె విధి కాదు. ‘అత్తలాఖ్’ 7వ ఆయత్ ప్రకారం కొలబద్ద తండ్రి స్తోమతే. రెండవ సంసారం వల్ల ఇవ్వవలసిన మొత్తం తగ్గవచ్చునేమో గాని బాధ్యత రద్దు కాదు. అలాగే, ఇంటి అద్దె కొత్త భార్యే చెల్లిస్తుంటే తండ్రి చేతిలో మిగిలే సొమ్మును చూడకుండా అతని స్తోమతను లెక్కకట్టడమూ సరికాదని నా అభిప్రాయం.

మన దేశపు చట్టమూ ఈ భేదాన్ని పాటించింది. 1986 చట్టం తలాఖ్ పొందిన తల్లికి బిడ్డ పుట్టిన నాటి నుండి రెండేళ్ళ ఖర్చు ఇప్పిస్తుంది. అది బిడ్డకున్న స్వతంత్ర హక్కును హరించదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆనాటి 125వ సెక్షన్ స్థానంలో 2024 జులై నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ అమలులో ఉన్నది.

కనుక ‘భార్యా పోషణ’, ‘శిశు పోషణ’, ‘పెంపక ప్రతిఫలం’ అని మూడు వేర్వేరు మాటలు వాడడం మేలు. ఇది పండితుల పదచర్చ మాత్రమే కాదు. ఖులా పత్రంలో ఒక స్త్రీ ‘మనోవర్తి వదులుకున్నాను’ అని సంతకం చేసినప్పుడు, ఆమె వదులుకున్నది తన హక్కునా, బిడ్డ హక్కును కూడానా అన్నది ఆ ఒక్క మాటపై ఆధారపడుతుంది. పత్రం రాసేవారు ఆ సంగతి విడమరచి రాయాలి.