చేతి కెమెరాకు చిక్కని ఆకారం: 'క్లోవర్‌ఫీల్డ్' చిత్రీకరణపై ఒక పరిశీలన

రాక్షసజీవి చిత్రాలలో కెమెరా సాధారణంగా సర్వసాక్షి. 1954 నాటి ఇషిరో హోండా 'గోడ్జిల్లా'లో నగర విధ్వంసాన్ని ప్రేక్షకుడు చాలాచోట్ల ఏ పాత్రకూ దక్కని దూరం నుంచి చూస్తాడు. మాట్ రీవ్స్ దర్శకత్వంలో 2008లో వచ్చిన 'క్లోవర్‌ఫీల్డ్' ఆ సౌకర్యాన్ని తొలగించింది. మన్‌హట్టన్‌లో మిత్రుని వీడ్కోలు విందును చిత్రీకరిస్తున్న హడ్ చేతిలోని కెమెరా ఏది చూస్తే మనకూ అదే దృశ్యం. ఈ పద్ధతిపై చర్చ ఎక్కువగా కుదుపు చుట్టూ తిరిగింది. కళ్లు తిరగవచ్చునని కొన్ని థియేటర్లు హెచ్చరికలు సైతం అంటించాయి. కుదుపు ఉపరితల విషయం. ప్రేక్షకుని ఎరుకకు ఎక్కడ హద్దు గీశారన్నదే పరిశీలించదగినది.

మనిషి కంటి ఎత్తున ఉన్న కెమెరాలో ఆ జీవి ఇమడదు. భవనాల మధ్య ఒక కాలు, పొగ మాటున ఒక కదలిక మాత్రమే దొరుకుతాయి. స్వేచ్ఛాదేవి విగ్రహపు తల వీధిలో వచ్చి పడినప్పుడు దాన్ని విసిరినదేమిటో తెలియదు. ఫ్రేము ఓడిపోవడమే ఇక్కడ పరిమాణానికి కొలమానం. సొరంగపు చీకటిలో రాత్రిదృష్టి మీట నొక్కిన క్షణాన, చూడగలగడమే భయానికి కారణమవుతుంది. పాత్రల లోకంలో వినిపించేది తప్ప వేరే నేపథ్య సంగీతం లేకపోవడం దీనికి తోడ్పడింది. మైకేల్ జియాకినో స్వరరచన ముగింపు పేర్లతో గాని మొదలు కాదు.

అయితే ప్రాణభయంతో పరుగెత్తేవాడు కెమెరాను ఎందుకు వదలడు? ఏం జరిగిందో జనానికి తెలియాలని హడ్ చేత చెప్పించిన సమాధానం కొంతదూరమే నిలుస్తుంది. బెత్ కోసం ఒరిగిపోయిన భవనంలోకి వెళ్లే ఘట్టంలో అది సడలిపోయింది. అంతకన్నా పెద్ద లోపం సెంట్రల్ పార్కులో ఉంది. అంతవరకు దాచిన ఆకారాన్ని పట్టపగలు హడ్ తలపైకి వంచి చూపారు. అప్పటిదాకా మన ఊహలో పెరిగినది ఒక్కసారిగా కురచనైంది.

పట్టపగలు చూపడమే దోషమని దీని అర్థం కాదు. బాంగ్ జూన్-హో 'ద హోస్ట్' (2006) హాన్ నది ఒడ్డున, ఆరంభంలోనే జీవిని నిండుగా చూపినా భయం తగ్గలేదు. అక్కడ మరుగును ఒక నియమంగా పెట్టుకోలేదు. రీవ్స్ పెట్టుకుని తానే ఉల్లంఘించాడు.

ఈ పద్ధతి అత్యుత్తమ ఫలితం రాక్షసజీవి కనబడని చోట ఉండటం విశేషం. హడ్ చిత్రిస్తున్నది రాబ్, బెత్‌లు గడిపిన ఒక పాత రోజు రికార్డు మీద. కెమెరా ఆగినప్పుడల్లా ఆ రోజు తునకలు పైకి తేలతాయి. చివరి తునకలో, కోనీ ఐలండ్‌లో వారిద్దరూ నవ్వుతుండగా, వెనుక సముద్రంలో దూరంగా ఏదో పడుతుంది. కెమెరా పట్టుకున్నవాడు దాన్ని గమనించడు.