బొమ్మ ఇంజను ఆజ్ఞను విన్నదా?
నమూనా రైళ్ల డిజిటల్ నియంత్రణ పద్ధతిపై ఒక విమర్శ

మోర్తాడ్ ప్రాంతపు విద్యార్థులకు రైలు క్రొత్త చుట్టము. పెద్దపల్లి–నిజామాబాదు మార్గమునకు 1993లో శంకుస్థాపన జరుగగా, పట్టాలు నిజామాబాదును చేరుసరికి 2017వ సంవత్సరము వచ్చినది. పసుపు కొమ్ములు ఎండబోసిన కళ్ళము దగ్గర నిలిచి దూరమున పోవు బండిని చూచిన పిల్లవాడు, వైజ్ఞానిక ప్రదర్శనకు రైలు నమూనా చేసెదనని ముందుకు వచ్చుటలో వింత లేదు. ఆ నమూనాను 'డిజిటల్ రిమోట్'తో నడుపవలెనను కోరికయు సహజమే. ఆ సామగ్రి ఇప్పుడు మన దేశములోను దొరుకుచున్నది. అయితే దానిని కొని, బల్లపై పరచి, మీట నొక్కి చూపినంత మాత్రమున విజ్ఞాన బోధన జరిగినట్లేనా? ఈ పద్ధతిలో మెచ్చదగినది చాల ఉన్నది. దాచకూడని లోపమొకటి కూడ ఉన్నది. సామగ్రితో వచ్చు సూచన పత్రములు మొదటిదానిని గొప్పగా చెప్పి, రెండవదానిని ఒక పట్టికలో ఏ మూలనో ఉంచును.

మొదట పాత పద్ధతిని జ్ఞప్తికి తెచ్చుకొందము. రెండు పట్టాలకు 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఇచ్చి, రియోస్టాటుతో వోల్టేజిని హెచ్చించిన ఇంజను వేగము హెచ్చును; ధ్రువములను తారుమారు చేసిన వెనుకకు నడచును. సులభమే. కాని ఒకే పట్టాలపై రెండు ఇంజన్లున్నచో రెండును ఒక్కసారే కదలును, ఒక్కసారే ఆగును. వాటిని వేరుచేయుటకు పట్టాలను ముక్కలుగా తెంపి, ముక్కకొక మీట అమర్చవలసి వచ్చెడిది.

ఈ చిక్కును విడదీసిన డిజిటల్ పద్ధతికి 1980లలో జర్మనీలోని లెంజ్ సంస్థ చేసిన కృషి ఆధారము. 1935లో ఏర్పడిన అమెరికా జాతీయ నమూనా రైల్వే సంఘము 1990లలో దానిని ప్రమాణముగా స్వీకరించి ప్రకటించినది. డీసీసీ అను పొడి అక్షరములతో దీనిని పిలుతురు. ఇందు పట్టాలకు ఎల్లప్పుడును నిండు వోల్టేజియే ఉండును. దాని దిశ మాత్రము క్షణక్షణము మారుచుండును. ఒక దిశలో 58 మైక్రోసెకండ్లు, ఎదురు దిశలో మరి 58 ఉన్నచో అది 'ఒకటి'. అటు 100, ఇటు 100, లేక అంతకు మించి ఉన్నచో అది 'సున్న'. ఇంజను కడుపులోని డీకోడరు అను చిన్న పలక ఈ అంకెలను చదువుకొనును. అదే విద్యుత్తును సరిచేసి మోటారుకు అందించును. అనగా తిండియు, ఆజ్ఞయు ఒకే జత పట్టాలపై వచ్చుచున్నవి. ఈ పొదుపు నిజముగా అందమైనది. 'రిమోట్' అను మాట వినగానే మనము రేడియో తరంగముల నూహింతుము గాని, చేతిలోని మీటల పెట్టె తీగ లేనిదైనను, ఇంజనుకు ఆజ్ఞ చేరునది పట్టాల ద్వారానే.

ఉపాధ్యాయులు ఒక ఆజ్ఞను నల్లబల్లపై వ్రాసి చూపవచ్చును. 3వ నంబరు ఇంజనును ముందుకు, 28 మెట్లలో 13వ మెట్టు వేగమున నడుపవలెననుకొందము. మొదట హెచ్చరికగా పదునాలుగు ఒకట్లు. తరువాత ఒక సున్న, నంబరు 00000011. మరల ఒక సున్న, ఆజ్ఞ 01101000. మరల ఒక సున్న, తనిఖీ సంఖ్య 01101011. చివర ఒక ఒకటి. తనిఖీ సంఖ్య ఎట్లు వచ్చినది? పై రెండు వరుసలలో ఒకే స్థానమున ఉన్న అంకెలు సమానమైనచో సున్న, భిన్నమైనచో ఒకటి. ఈ పొట్లములో మొత్తము 42 అంకెలు: 25 ఒకట్లు, 17 సున్నలు. ఒకటికి 116, సున్నకు 200 మైక్రోసెకండ్ల చొప్పున లెక్కించిన 6,300 మైక్రోసెకండ్లు. సెకండునకు సుమారు 158 పొట్లములు పోవును. పది ఇంజన్లున్నచో ఒక్కొక్కదానికి పదునైదుసార్లకు పైగా ఆజ్ఞ అందును. తొమ్మిదవ తరగతి విద్యార్థి చేయగల లెక్క ఇది.

తనిఖీలో ఒక అంకె తారుమారైనచో తప్పు పట్టుబడును. ఒకే స్థానమున రెండు వరుసలలోను తప్పు పడినచో పట్టుబడదు. విద్యార్థులను దీనిని కాగితముపై ప్రయత్నించి చూడమనవలెను.

అమరిక విషయము క్లుప్తముగా చెప్పెదను. బల్ల క్రింద రెండు లావు తీగలను పరచి, మీటరునకొక చోట సన్నని తీగలతో పట్టాలకు టంకము వేయవలెను. పట్టాల అతుకులను నమ్మరాదు. పట్టాలను, చక్రములను దుమ్ము లేకుండ తుడువవలెను. పలుచోట్ల ఒక రూపాయి బిళ్ళను రెండు పట్టాలపై అడ్డముగ పెట్టి, సరఫరా వెంటనే ఆగుచున్నదో లేదో చూడవలెను. ఆగనిచో తీగలు చాలనంత సన్ననివని అర్థము. అట్లే నడిపిన అవి కాలును. విదేశపు పెట్టె కొనలేని పాఠశాలలు ఆర్డునో పలకను, మోటారు పలకను జతచేసి, ఉచితముగా లభించు డీసీసీ-ఈఎక్స్ ప్రోగ్రాముతో నియంత్రణ పెట్టెను తామే చేసికొనవచ్చును. నా దృష్టిలో బోధనకు ఇదియే మేలు.

ఇక లోపము. రైల్వే సిగ్నలు శాస్త్రమునకు ఒక మూలసూత్రమున్నది: సాధనము చెడినచో బండి ఆగవలెనే గాని నడువరాదు. ఈ శాస్త్రమును బోధించు ఇరిసెట్ సంస్థ 1957 నుండి మన సికింద్రాబాదులోనే ఉన్నది. 1872లో విలియం రాబిన్సన్ రూపొందించిన పట్టాల వలయము ఈ సూత్రమునకు చక్కని ఉదాహరణము. పట్టాలలో స్వల్ప విద్యుత్తు ప్రవహించి రిలేను పట్టియుంచినంతసేపే పచ్చదీపము. బండి వచ్చి చక్రములతో వలయమును కలిపినను, పట్టా విరిగినను, బ్యాటరీ చచ్చినను రిలే జారి ఎర్రదీపమే వెలుగును.

ఈ గీటురాయిపై డీసీసీని పరీక్షింతము. తీగ తెగినచో తిండియు ఆజ్ఞయు రెండును పోవును గనుక ఇంజను ఆగును. మంచిదే. పట్టాలపై మురికి వలన పొట్లము చెడినచో డీకోడరు దానిని పారవేసి, పాత ఆజ్ఞనే పాటించుచుండును. 'ఆగుము' అను ఆజ్ఞయే చెడినచో, అది మరల వచ్చువరకు బండి పోవుచునే ఉండును. ఆజ్ఞలు కొంత కాలము రానిచో ఆగుమని 11వ అమరికలో వ్రాయవచ్చును గాని, వ్రాయువారు అరుదు.

అన్నిటికంటె చెడ్డది మూడవది. నియంత్రణ పెట్టె స్తంభించి, పట్టాలపై ఒకే దిశ వోల్టేజి నిలిచిపోయినదనుకొనుడు. డీకోడరు దీనినేమని తలచును? 'ఇది పాతకాలపు పట్టా కాబోలు' అని తలచి, నిండు వోల్టేజికి తగిన నిండు వేగముతో పరుగెత్తును! పాత పట్టాలపైనను నడువవలెనను సౌకర్యము కొరకు పెట్టిన ఏర్పాటు ఇది. 29వ అమరికలో సాధారణముగ 6 అను విలువ ఉండును. అందు 2 అనగా 28 మెట్ల వేగము. 4 అనగా పాతకాలపు పట్టాలకు అనుమతి. దానిని 2గా మార్చినచో ఈ పిచ్చిపరుగు ఆగును. మాట వినరానప్పుడు ఆగుట గాక పరుగెత్తుటను మామూలు అమరికగా పెట్టిన డబ్బాను పిల్లల చేతికిచ్చి, దానిని రైల్వే విద్యకు నమూనా యనుట తగదు.

ఇంకొకటి. ఈ పద్ధతి మూలరూపములో పెట్టె చెప్పును, ఇంజను వినును. 'విన్నాను' అని చెప్పదు. అందుకే అదే మాటను పదే పదే చెప్పవలసి వచ్చుచున్నది. అమరికలు వ్రాయు ప్రత్యేకపు పట్టాముక్కపై మాత్రము ఇంజను 6 మిల్లీసెకండ్లపాటు 60 మిల్లీఆంపియర్ల విద్యుత్తును అదనముగా లాగి, తల ఊపినట్లు మోటారును కొంచెము కదిలించును. చూచుటకు ముచ్చటగా ఉండును. తరువాత లెంజ్ సంస్థయే రైల్‌కామ్ పేరుతో, పొట్లము వెంట కొంత విరామమిచ్చి ఆ విరామములో ఇంజనును మాటాడనిచ్చు మార్గము కల్పించినది. అది అన్ని పెట్టెలలోను లేదు.

నిజమైన రైలులో ఇంత ఏకపక్షపు సంభాషణ చెల్లదు. దక్షిణ మధ్య రైల్వేలో 2016లో ప్రయాణికుల బండ్లపై పరీక్షింపబడి, 2020లో జాతీయ రక్షణ పద్ధతిగా స్వీకరింపబడిన 'కవచ్'లో ఇంజనును, స్టేషనును రేడియో ద్వారా పరస్పరము మాటాడుకొనును; డ్రైవరు ఎర్రదీపమును దాటబోయినచో బ్రేకులు తామే పడును.

మరియొక చిన్న ఆక్షేపణ. మోర్తాడ్ పట్టాల మధ్య దూరము 1,676 మిల్లీమీటర్లు. దీనిని 87వ వంతునకు తగ్గించిన 19.3 మిల్లీమీటర్లు రావలెను. అంగడిలో దొరకు 'హెచ్ఓ' పట్టాలు 16.5 మిల్లీమీటర్లవి, అవి ఐరోపావారి 1,435 మిల్లీమీటర్ల పట్టాలకు సరిపడినవి. మన ఇంజను బొమ్మ వాటిపై పరాయి చెప్పులు తొడిగినట్లు నిలుచును. ఇది క్షమింపదగిన లోపమే, లెక్క చేయించుటకు ఉపకరించును కూడ.

పిచ్చిపరుగు సంగతి అట్లు విడువదగినది కాదు. ప్రదర్శనలో బల్లపై మీటరు పట్టాను వేరుగా ఉంచి, దాని చివర దూదిదిండు పెట్టి, 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తును కలుపుడు. 29వ అమరికలో 6 ఉన్నప్పుడు ఇంజను దిండును గుద్దును. 2 వ్రాసి మరల కలిపినచో కదలదు. చూడవచ్చినవారికి ముందు ఏమియు చెప్పక, రెండవసారి ఇంజను ఎందుకు కదలలేదో వారినే అడుగుడు.